కడుపునొప్పికి పసుపుకొమ్ము

నిజామాబాద్ గంజ్‌లో పసుపు కుప్పల నడుమ నడిస్తే ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. పసుపు పాలిష్ పట్టే యంత్రాలను చైనా నుంచి తెప్పించే దుకాణంలో నాకు కొలువు. అక్కడివాళ్లతో మాట్లాడాలని ఫోన్‌లో చైనా భాష నేర్చుకుంటున్నాను. నిన్నటి పాఠం బాధలు చెప్పుకోవడం. ఫోన్‌లోని ఆవిడ ఎంతో మర్యాదగా "నార్ బు షూఫు?" అని, అంటే ఎక్కడ బాగాలేదని అడిగింది. ఒళ్లు బాగాలేకపోయినా, మనసు బాగాలేకపోయినా "నాన్‌షౌ" అంటే చాలట, ఓర్చుకోలేకపోతున్నానని. నోరు విప్పినంత మాత్రాన తమనెవరూ ఏమీ చేయరన్న ధీమా ఉన్నవాళ్ల భాష కాబోలు అనుకున్నాను.

మోర్తాడ్ దగ్గరి మా ఊళ్లో మాకా ధీమా లేదు. మాఘమాసంలో పసుపు ఉడకబెట్టే రోజులు వస్తే చేనంతా పొగ, కొప్పెరల్లోంచి లేచే పచ్చిమట్టి వాసన, ఆ పొయ్యిల్లోనే కాల్చుకున్న గెనుసుగడ్డలు, చిర్రగోనె ఆడి మోకాళ్లు చెక్కుకుపోయిన పిల్లలం, ఆరబోసిన కొమ్ములను తొక్కకుండా కర్ర పట్టుకుని కూర్చునే మా నాయనమ్మ. మమ్మల్ని ప్రాణంగా చూసుకున్న మనిషే. కానీ ఏ పిల్ల కడుపునొప్పి అన్నా పసుపుకొమ్మును నిప్పుల్లో కాల్చి బొడ్డు చుట్టూ వాతలు పెట్టేది. ఊరందరిదీ అదే వైద్యం. అందుకే దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా "ఏం లేదు" అనడం మాకు చిన్ననాడే అబ్బింది.

ఆ ఏడు బతుకమ్మ పోగానే మమ్మల్ని కన్న అవ్వ ఇంటిపనికి దుబాయి వెళ్లింది. ఆరేళ్ల చెల్లె లక్ష్మి తిండి మానేసి మూలకు ముడుచుకునేది. అవ్వ మీద బెంగ అని చెప్పడం దానికి చేతకాలేదు, పాపం. "కడుపుల నొస్తుంది" అంది. అది నొప్పి కాదని నాకు తెలుసు, లక్ష్మి తలుపు వెనక నిలబడి అవ్వ చీరను మూతికి అదుముకోవడం రోజూ చూస్తున్నదాన్ని. అయినా చెప్పలేదు. అడ్డుపడితే నన్నూ పడుకోబెడతారని భయం.

"ఏ పెద్దపిల్లా, కాళ్లు గట్టిగ పట్టు. ఉరకనియ్యకు," అంది నాయనమ్మ.

పట్టుకున్నాను. మూడుచోట్ల పెట్టింది. "తగ్గిందా బిడ్డా?" అని అడిగితే, ఏడుపు మింగి "తగ్గింది" అంది లక్ష్మి. నాయనమ్మ మురిసిపోయి దానికో బెల్లం ముక్క పెట్టింది, నాకూ పెట్టింది. నేను తిన్నాను.

ఇప్పుడు కొప్పెరలు పోయి ఆవిరి యంత్రాలు వచ్చాయి, నాయనమ్మ పోయింది, వాతలు పెట్టేవాళ్లూ లేరు. కమ్మర్‌పల్లిలో కాపురముంటున్న లక్ష్మి రొమ్ములో గడ్డను ఏడాదిగా దాచిపెట్టిందని, ముదిరిపోయిందని డాక్టర్ అన్నాడని ఈ పొద్దున దాని మొగుడు ఫోన్ చేశాడు. దాన్ని ఫోన్ దగ్గరికి పిలిపించి, "నాకన్న చెప్పొద్దా, లచ్చిమీ?" అని ఏడ్చాను.

"నీకెట్ల చెప్తనక్క," అంది. "నా కాళ్లు అదిమి పట్టింది నువ్వే గద."