ఇరవై నిమిషాల నీళ్ళు

మా షెడ్డులో స్టోర్సు నానే చూసేదాన్ని. పోర్టుకొచ్చే ఓడల వాల్వులు విప్పి, కడిగి, రిపేరు చేసి పంపే షెడ్డది. ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగుకి ఒకర్ని పంపాలని పైనుంచి కాగితం వస్తే, మేనేజరు నన్ను పంపేడు. మిగతావాళ్ళకి పనుందట! తిరిగొచ్చేక అందరిదీ ఒకటే నవ్వు. "కంట్లో కెమికల్ పడితే ఇరవై నిమిషాలు నీళ్ళు పొయ్యాలా? నీళ్ళు పొయ్యడానికి ట్రైనింగేటక్కా?" అని. నవ్వండి నవ్వండి, మీకు పడినప్పుడు తెలుస్తాది అన్నాను. గోడమీది మందుల పెట్టెకి తాళం ఉండేది, దాని చెవి మేనేజరు జేబులో ఉండేది. ముందు ఆ తాళం తీయించీసేను.

నిజానికి మా షెడ్డుకి కళ్ళ డాక్టరు వేరే ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్ద ఫిట్టరు. అందరికీ బాబాయి. గ్రైండింగు దగ్గర ఎవరి కంట్లో ఇనప రజను పడినా ఆయన ముందు కూచోవలసిందే. రెప్ప తిరగేసి, అగ్గిపుల్ల కొసకి దూది చుట్టి, ఉఫ్‌మని ఊది నలక తీసీసేవాడు. ఆనక ఒక చుక్క ఆముదం. ఆస్పత్రికెళ్తే పూట పోద్ది, బాబాయి దగ్గర రెండు నిమిషాలు.

ఆ రోజు పదకొండు దాటింది. గ్రీజు వదలడానికి కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళ డ్రమ్ములోకి వాల్వు దింపతంటే, అది జారి దబ్బున పడింది. నీళ్ళు చిమ్మి బాబాయి కుడికంట్లో పడ్డాయి. కళ్ళద్దాలున్నాయండీ, నెత్తిమీద! ఆవిరి కమ్మేస్తందని పైకి తోసీసుకున్నాడు. "సచ్చేన్రా బాబో" అన్న కేక వినగానే స్టోర్సులోంచి లగెత్తేను.

అప్పటికే ఒకడు ఆముదం సీసా పట్టుకొచ్చీసేడు. తెమ్మన్నది బాబాయే. "రెండు చుక్కలు వెయ్యండ్రా, మంట లాగేస్తది" అని అరుస్తన్నాడు. కంటి విషయంలో ఆయన మాటకి ఎదురు చెప్పినోడు మా షెడ్డులో లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సీసా లాక్కున్నాను. "ఇది నలక కాదు బాబాయ్, కాస్టిక్! కన్ను ఉడికిపోతాది!" అన్నాను. ఆ టైముకి కుళాయి రాదు. తాగడానికి తెప్పించిన నీళ్ళ టిన్నులు మూడున్నాయి. పట్రండని కేకేసేను.

బల్లమీద పడుకోబెట్టి, రెండో కంట్లోకి పారకుండా తల కుడిపక్కకి వంచేను. రెప్పలు నాను వేళ్ళతో విప్పి పట్టుకుంటే, వెల్డరు చెంబుతో ముక్కు పక్కనుంచి పోసేడు. మనిషి గిలగిల్లాడిపోయేడు. "వదలవే, నీకేం తెలుసే!" అని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేడు. తిట్టుకో అన్నాను, రెప్ప మాత్రం వదల్లేదు.

ఈలోగా మేనేజరు కారు తెచ్చి గుమ్మంలో పెట్టీసేడు. "ముందు ఆస్పత్రికి పదండి, మీ కడుగుడు తర్వాత!"

"మనం ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ కాస్టిక్ ఊరుకుంటాదేటండి? తింటానే ఉంటాది. ఇరవై నిమిషాలు అయితేగానీ కదలనివ్వను. మీరు ఆస్పత్రికి ఫోన్ చేసి ఏం పడిందో చెప్పండి."

మేనేజరుతో అలాగ మాట్లాడ్డం అదే మొదలు. ఆయన ఏటనుకున్నాడో గానీ ఫోన్ తీసేడు.

రెండో టిన్ను మొదలెట్టేక వెల్డరు "ఇంక చాల్లే అక్కా" అన్నాడు. గడియారం చూసేను. పన్నెండు నిమిషాలే అయ్యింది. "పొయ్యి!" అన్నాను. భయం లేదని కాదు. కానీ చెయ్యవలసిందేటో ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. ఇరవై దాటేక మూడో టిన్ను కార్లో ఎక్కించి, దారి పొడుగునా పోస్తానే వెళ్ళేం.

కంటి డాక్టరమ్మ మళ్ళీ కడిగి, పరీక్ష చేసి, "మొదట కడిగింది ఎవరు?" అని అడిగింది. నానే అన్నాను. "మీరు ఆగకుండా కడిగారు కాబట్టి చూపు నిలబడుతుంది" అంది. ఓలమ్మో, అప్పుడొచ్చింది ఏడుపు! వరండాలో కూచుని కరువుతీరా ఏడ్చీసేను.

కొన్ని వారాలు పోయేక పెందుర్తిలో వాళ్ళింటికి చూడ్డానికెళ్ళేను. బాబాయి ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికంటితో నన్ను తేరిపార చూసి, "జళ్ళో కనకాంబరాలు పెట్టేవు అమ్మాయ్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్ళావిడ టీ ఇచ్చి లోపలికెళ్ళేక గొంతు తగ్గించేడు. "ఇన్నేళ్ళూ నేను పుల్ల పెట్టిన కళ్ళల్లో ఎన్ని పాడైపోయుంటాయంటావ్?"

నాకు గ్రైండింగు చేసే కుర్రాడొకడు గుర్తొచ్చేడు. కన్ను చీము పట్టి, చూపు మసకైపోయి, పని మానీసి వాళ్ళ ఊరెళ్ళిపోయేడు. కన్ను పోయిందని బాబాయికి తెలీదు. కంట్లో రజను పడిన రోజు అతను ఆస్పత్రికెళ్తానని నాతో చెప్తే, ఇంతదానికి ఆస్పత్రేటి, బాబాయి దగ్గర కూచో అని పంపింది నానే.