ఆయుర్దాయం దగ్గర ఆగిన పాఠం

ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో మనిషికి ఉన్నంత చదువు ఉద్యోగం వచ్చాక ఉండదని నా అనుభవం. ఎం.ఏ. ఎకనామిక్స్ పట్టా చేతికొచ్చి, దాన్ని లామినేషన్ చేయించిన వేడి ఇంకా చల్లారని ఆ కాలంలో, దేశాభివృద్ధి గురించి నాకు తెలియనిది లేదు. స్థూల దేశీయోత్పత్తి, తలసరి ఆదాయం, అక్షరాస్యత, శిశు మరణాల రేటు, ఏది అడిగినా నిర్వచనం కామాలతో సహా అప్పజెప్పేదాన్ని. ఒక దేశం ముందుకు పోతోందో వెనక్కి పోతోందో కూర్చున్నచోటి నుంచే చెప్పేయగలనని నా ధైర్యం. నేను మాత్రం ముందుకూ వెనక్కీ పోకుండా గోదావరిఖనిలో, మా క్వార్టరు ముందు గదిలో, మంచం మీద ఉండేదాన్ని. (ఆ సంగతిని కొలిచే సూచిక పుస్తకంలో లేదు గానీ, మా అమ్మ, అదే మా అవ్వ, చూపులో ఉండేది.)

అలాంటప్పుడు చౌరస్తాలో మిఠాయి దుకాణం పైనున్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. డెమో క్లాసు చెప్పాలి, అంశం 'అభివృద్ధి సూచికలు'. ఆ కాలేజీ కరస్పాండెంటుగారిని పిల్లలు 'టైంబెల్లు సార్' అనేవాళ్లు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పిడుగు పడ్డా ఆయన కాలేజీలో పీరియడు మధ్యలో ఆగకూడదు. అంతకుముందు డెమోకి వచ్చిన ఒకాయన తుమ్మాడని పంపించేశారని చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో తెలియదు గానీ, నేను మాత్రం ముందు రోజు నుంచే ముక్కుకు విక్స్ రాయడం మొదలుపెట్టాను.

ఇంట్లో సాధనకు నాకు దొరికిన విద్యార్థి మా బాపు. బొగ్గు బాయిలో పని చేసి వచ్చి, స్నానం చేసి, నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. "తలసరి అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు ఒకసారి. దేశం మొత్తం ఆదాయాన్ని జనాభాతో భాగిస్తే ఒక్కొక్కరికి వచ్చేదని చెప్పాను. "మరి మనది ఎవలు తీస్కపోతున్నరు?" అన్నాడు. "అది లెక్క కోసం బాపూ, నిజంగ ఇయ్యరు" అంటే, "ఇయ్యనిదానికి గింత లొల్లెందుకే" అని గోడకు ఒరిగి, నేను సాంఘిక సూచికల్లోకి వెళ్లేలోపే గురక పెట్టాడు. మా అవ్వ వంటింట్లోంచి అరిచేది: "ఇగ సాలు తియ్యే! నువ్వు జెప్పంగ జెప్పంగ గోడలు గూడ పాసైతయ్."

ఆ వారం బాపుకు రెండో షిఫ్టు. డెమో రోజు మాత్రం తోటి కార్మికుడిని బతిమాలి మొదటి షిఫ్టుకు మార్చుకున్నాడు. "నువ్వు ఇంటికొచ్చే యాళ్లకు నేనుండాలె. నౌకరి వచ్చిందా లేదా నీ మొకం జూస్తెనే ఎర్కైతది" అని, తెల్లవారకముందే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి, నిద్ర పాడుచేశానేమోనని వెంటనే తీసేశాడు. నేను మేలుకునే ఉన్నాను. శిశు మరణాల రేటు వెయ్యికా, లక్షకా అని కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను. (వెయ్యికే.)

క్లాసులోకి అడుగుపెట్టేసరికి నా గుండె చప్పుడు మైకులో వినిపిస్తున్నట్టుంది. అరవై మంది పిల్లలు, అందరూ కాలనీల వాళ్లే, అందరి ఇళ్లలోనూ ఎవరో ఒకరు బాయి దిగేవాళ్లే. టైంబెల్లు సార్ చివరి బెంచీలో ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నారు. కొత్త బూట్లు కరుస్తున్నాయేమో, నెమ్మదిగా విప్పి బెంచీ కిందికి తోశారు. కిటికీలోంచి చూస్తే దూరంగా బాయి మీది ఇనుప చక్రం కనిపిస్తుంది. మనుషుల్ని దించే లిఫ్టు పైకీ కిందికీ పోయినప్పుడల్లా అది తిరుగుతుంది. అది తిరుగుతూ ఉంటే ఊరికి ప్రాణం కుదురుగా ఉంటుంది. నేను దానికి వీపు తిప్పి పాఠం మొదలుపెట్టాను.

బాగానే చెప్పాను. ఒక ఏడాదిలో దేశంలో తయారైన అంతిమ వస్తువులూ సేవల మొత్తం విలువ దగ్గర మొదలుపెట్టి, అది ఎంత పెరిగినా మనుషుల బతుకు మెరుగైందని చెప్పలేమన్నాను. సగటు అనేది ఉన్నవాడి కడుపునూ లేనివాడి కడుపునూ కలిపి కొలుస్తుందన్నాను. అందుకే పిల్లలు బతుకుతున్నారా, చదువుతున్నారా, మంచినీళ్లు అందుతున్నాయా, మనుషులు ఎన్నేళ్లు బతుకుతున్నారు అని కూడా అడగాలన్నాను. చివరి బెంచీలో తల ఊగింది. నౌకరి వచ్చేసినట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది.

బొగ్గు బావుల ఊళ్లో సైరన్ కొత్త కాదు. కానీ ఏ సైరన్ ఏ వేళకు మోగుతుందో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అది షిఫ్టు మారే వేళ కాదు. ముందు బెంచీలో ఎర్ర రిబ్బన్ల పిల్ల లేచి నిలబడింది. "మేడం, గిప్పుడు షిఫ్టు లేదు గద?" అంది. సైరన్ ఆగి, మళ్లీ మోగింది. నేను కిటికీ వైపు తిరిగాను. చక్రం కదలడం లేదు.

"కానివ్వండి, కానివ్వండి" అన్నారు టైంబెల్లు సార్ వెనక నుంచి. "క్లాసు ఆగకూడదమ్మా. డిసిప్లిన్."

నేను కానిచ్చాను. ఎలా కానిచ్చానో ఇప్పటికీ అర్థం కాదు. నోరు దాని పాటికి అది పాఠం చెప్తోంది, నేను దాని పక్కన నిలబడి బాపు ఏ షిఫ్టులో ఉన్నాడో లెక్క చూసుకుంటున్నాను. రెండో షిఫ్టు అయితే ఇప్పుడు ఇంట్లో ఉండేవాడు. నా కోసం మార్చుకున్నాడు. "తర్వాతి సూచిక, ఆయుర్దాయం" అంది నోరు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రాశాను. 'దా' రాయాలా 'ధా' రాయాలా తోచలేదు. వత్తు పెట్టాను, చెరిపాను, మళ్లీ పెట్టాను. "అప్పుడే పుట్టిన శిశువు సగటున ఎన్ని సంవత్సరాలు జీవించగలదని..." అంటుండగా నోరు ఆగిపోయింది. వెనక ఒక పిల్లవాడు ఏడుస్తున్న చప్పుడు. ఇక తిట్లు తినక తప్పదని చివరి బెంచీ వైపు చూశాను. బెంచీ ఖాళీగా ఉంది. ఫైలు ఉంది. బెంచీ కింద బూట్లున్నాయి. టైంబెల్లు సార్ లేరు.

"పదండి" అన్నాను. నా జీవితంలో అంత చిన్న పాఠం నేను మళ్లీ చెప్పలేదు.

మిఠాయి దుకాణం మెట్లు దిగి, బొగ్గు లారీలను తప్పించుకుంటూ, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, అరవై మంది వెంట రాగా గేటు దాకా పరుగెత్తాను. అప్పటికే అక్కడ ఆడవాళ్లు పోగయ్యారు. మా అవ్వ చేతులకు గారెల పిండి అలాగే ఉంది. సాయంత్రానికి నా నౌకరి పండుగ వంట అది. "ఎవ్వలు ఏం జెప్తలేరు బిడ్డా, లోపటికి పోనిస్తలేరు" అని ఆ పిండి చేతులతోనే నన్ను పట్టుకుంది. గేటు ముందు ఒక పెద్దమనిషి వాచ్‌మన్‌తో పోట్లాడుతున్నాడు. "మా బావమరిది లోపలున్నాడయ్యా, అండర్ మేనేజరు! ఒక్క మాట కనుక్కోనివ్వు!" తెల్ల సాక్సులు బొగ్గు బురదలో నల్లబడ్డాయి. టైంబెల్లు సార్ నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. డిసిప్లిన్ గురించి ఇద్దరం మాట్లాడలేదు.

"మీ వాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అన్నారు నెమ్మదిగా.

"మా బాపు, సార్."

"ఏం కాదు. ఏం కాదమ్మా" అన్నారు.

చక్రం కదిలింది. గుంపంతా ఒక్కసారి గేటు మీదికి ఒరిగింది. కాసేపటికి హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు ఒక స్ట్రెచర్ మోసుకుంటూ గేటు పక్కనున్న అంబులెన్సు వైపు పరుగున వస్తున్నారు. దాని మీద మనిషికి తలకు కట్టు, కాలికి కట్టు, కళ్లు మూసి ఉన్నాయి. ముఖమంతా బొగ్గు. అయినా ఆ సన్నటి కాళ్లను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. మా అవ్వ ఒక్క కేక పెట్టి వాచ్‌మన్‌ను తోసుకుని వెళ్లి స్ట్రెచర్ మీద పడింది. టైంబెల్లు సార్ నా భుజం పట్టుకోకపోతే అక్కడే కూలబడేదాన్ని.

అప్పుడు మా బాపు ఒక కన్ను తెరిచాడు. ఒక్కటే.

"ఏయ్, లొల్లి జెయ్యకుండ్రి" అన్నాడు గుసగుసగా. "నేను ఉత్తుత్త పేషెంటును. కండ్లు దెరిస్తె సార్లు తిడ్తరు." మళ్లీ మూశాడు.

ప్రమాదం జరిగితే ఎలా కాపాడాలో సరిచూసుకునే మాక్ డ్రిల్లట. ముందు రోజు సాయంత్రం ఆటోలో మైకు పెట్టి మా కాలనీలో చెప్పారట కూడా, మిగతా కాలనీలకు పోయేలోపే ఆటో చెడిపోయిందట. ఆ వేళకు నేను మానవాభివృద్ధి సూచికను ఎంత గట్టిగా చదువుతున్నానంటే, మా ఇంట్లోనే కాదు, అటు రెండిళ్లలో ఇటు రెండిళ్లలో మైకు వినపడలేదని తర్వాత తేలింది. బాపును పేషెంటుగా ఎందుకు పెట్టారంటే, "సన్నగున్నవ్, మోసెటోళ్లకు అల్కగుంటది" అని ఆ పొద్దుటే అన్నారట. మా అవ్వ సంగతి అర్థమయ్యాక ఏడుపు ఆపి, కట్టు లేని చోటు చూసి నాలుగు దెబ్బలు వేసింది. "సచ్చినోడా, చెప్పిపోతె నీ నోరు వడిపోతుండెనా?" అంది. పేషెంటు అయినందుకు ఆయన తిరిగి ఒక్క మాట అనలేకపోయాడు. స్ట్రెచర్ మోసేవాళ్లు నవ్వు ఆపుకోలేక దాన్ని కింద పెట్టేశారు. దానివల్ల డ్రిల్లు ఆలస్యమైందని వెనకే స్టాప్‌వాచ్ పట్టుకుని వస్తున్న ఆఫీసరు విసుక్కున్నాడు. ఆ ఆఫీసరే టైంబెల్లు సార్ బావమరిది.

"బావగారూ, మీరేంటండీ ఇక్కడ? బూట్లేవీ?"

"డ్రిల్లని ఒక్క మాట చెప్పొచ్చు గదరా!"

"అక్కకి చెప్పాను గదండీ."

"మీ అక్క నాతో మాట్లాడ్డం లేదు" అన్నారు టైంబెల్లు సార్, అరవై మంది విద్యార్థుల ముందు.

అందరం నవ్వాం. నవ్వు తగ్గాక ఆయన సాక్సులు దులుపుకుని, గొంతు సవరించుకుని, నా వైపు తిరిగారు. పెద్ద మాటేదో వస్తుందని నేను బిగుసుకుపోయాను. "ఎక్కడాపావమ్మా పాఠం?" అన్నారు.

"ఆయుర్దాయం దగ్గర, సార్."

"రేపు అక్కణ్నుంచి మొదలెట్టు" అని, బెల్లు కొట్టే వేళైందన్నట్టు వడివడిగా వెళ్లిపోయారు. నౌకరి వచ్చిందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. బాపుకు మాత్రం స్ట్రెచర్ మీద నుంచే, నా ముఖం చూడగానే అర్థమైంది.

మర్నాడు క్లాసుకు వెళ్లి, పుస్తకం తెరిచి, నిర్వచనం మొదలుపెట్టబోతుంటే ఎర్ర రిబ్బన్ల పిల్ల చెయ్యెత్తింది. "మేడం, పేషెంటు ఎట్లున్నడు?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నట్టుండి కళ్లు నిండిపోయాయి. ముందు రోజు రావలసిన ఏడుపు తీరిగ్గా అప్పుడొచ్చింది. పిల్లలు చూశారు. బాయి పిల్లలు కదా, వాళ్లకు తెలుసు. రిబ్బన్ల పిల్ల తన మంచినీళ్ల సీసా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లి కూర్చుంది.

బాపు రిటైరై చాలా కాలమైంది. ఎదురింటి వాకిట్లో కూర్చుని ఆ డ్రిల్లు కథ చెప్తుంటాడు. చెప్పిన ప్రతిసారీ అవ్వ దెబ్బలు పెరుగుతూ ఉంటాయి. నేను అదే పాఠం ఏటేటా చెప్తున్నాను. పుస్తకాలు మారాయి, సూచికలకు కొత్త కొత్త పేర్లు వచ్చాయి. దేశాన్ని కూర్చున్నచోటి నుంచి కొలిచేసే ఆ అమ్మాయి, కామాలతో సహా అన్నీ తెలిసిన ఆ అమ్మాయి, ఇప్పుడు గుర్తొస్తే ముద్దుగానే ఉంటుంది. 'సగటున ఎన్ని సంవత్సరాలు' అన్న చోటికి వచ్చేసరికి మాత్రం నేను కాస్త ఆగి మంచినీళ్లు తాగుతాను. మేడంకు గొంతు ఎండిందనుకుంటారు పిల్లలు. అనుకోనీ.