బెల్లం గూటి తాళం

ఇన్నేళ్లుగా ఒక చావు బరువు మోస్తున్నాను. మా అత్తయ్యది. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు అవనిగడ్డలో ఉండేవాళ్లం. అత్తయ్యకు చక్కెర జబ్బని బందరు డాక్టరు గారు తేల్చారు. తీపి మాన్పించమన్నారు. రోజూ పొద్దున్నే కాంపౌండరు వచ్చి, గాజు సిరంజి మరగబెట్టి ఇన్సులిన్ వేసి వెళ్లేవారు. నేను బెల్లం గూట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆవిడ పెరట్లో ఒంటికి వెళ్లొచ్చాక, వెనకాలే వెళ్లి అక్కడ చీమలు పట్టాయేమోనని చూసేదాన్ని. పడితే దొంగతనంగా తిన్నట్టే లెక్క నాకు. జబ్బు ముదిరితే తీపి ముట్టకపోయినా పడతాయని తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆవిడ మూతి తుడుచుకున్నా నాకు అనుమానమే.

ఆ మంచి శుక్రవారం నాడు చీమలు లేవు. ఇంజెక్షన్ మాత్రం ఎప్పటిలాగే వేశారు. ఉపవాసం కదా, పొయ్యి వెలిగించలేదు. మా ఆయన ముందే చర్చికి వెళ్లిపోయారు. నేనూ బయల్దేరుతుంటే అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి.

"చిన్న బెల్లం ముక్క పెట్టమ్మాయ్. ఇట్లా అయితే పెట్టమని డాక్టరు గారే చెప్పారుగా."

"తినొద్దన్న డాక్టరు గారే తినమన్నారా? ఉపవాసం నాడన్నా మీ నాలుక ఆగదా అత్తయ్యా?"

తాళంచెవి బొడ్లోనే ఉంచుకుని చర్చికి వెళ్లిపోయాను. చీమలు లేవంటే ఒంట్లో చక్కెర పడిపోతోందేమోనన్న ఆలోచనే నాకు రాలేదు. తీపి దొరక్క నాలుక పీకుతోందనుకున్నాను.

మూడు గంటల సేపు సాగే ఆరాధన మొత్తం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి ఆవిడ గూటి కింద పడి ఉంది. తలుపు చెక్క మీద గోళ్ల గీతలు. ప్రభువు ప్రాణం విడిచిన రోజే పోయింది, ధన్యురాలు అన్నారందరూ. నేనూ తలూపాను. ఏమైనా అడిగిందా అని మా ఆయన అడిగితే లేదన్నాను.

డాక్టరు గారు ఆ మాట చెప్పినప్పుడు నేను వినలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ "చెమటలు పడితే వెంటనే బెల్లం పెట్టండి" అన్నది ఆయన గొంతుతోనే నాకు గుర్తొస్తుంది. వినని మాట గొంతుతో సహా ఎలా గుర్తుంటుంది?

విన్నాను. ఆవిడే ఆయన చేత అలా చెప్పించుకుందని అప్పుడే అనుమానపడ్డాను కూడా. మీరు నన్ను క్షమించాలని అడగను. విన్నాను అని ఒకసారి పైకి అనాలనిపించింది, అంతే.