నిలబడితే వణికే కారు

సికింద్రాబాదులో నా అంత చెవి ఉన్న మెకానిక్ ఇంకొకడు పుట్టలేదని యాభై ఏళ్ళుగా చెప్పుకుంటూ వస్తున్నాను. రోడ్డు మీద పోయే మోటారు చప్పుడు విని, దాని రోగమేమిటో, దాని యజమాని ఎన్ని రోజుల్లో నా దగ్గరికి పరుగెత్తుకొస్తాడో చెప్పేసేవాణ్ణి. ఆ ఎనిమిది సిలిండర్ల ఇంగ్లండు కారు సంగతయితే మరీను. బానెట్టుకు చెవి ఆనించాను, కళ్ళు మూసుకున్నాను, వేలు తిన్నగా తీసుకుపోయి తప్పున్న చోట పెట్టాను. నిమిషం పట్టలేదు.

ఇది నేను చెప్పే పద్ధతి. జరిగింది వేరు. పట్టింది పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. కనిపెట్టింది నా చెవి కాదు, ఒక బీడీ.

నిజాం మీద పోలీసు చర్య అయిపోయిన తర్వాతి చలికాలం అది. నాకు ఇరవై రెండేళ్ళు. చిలకలగూడలో ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. మా మేస్త్రి గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆదివారం చర్చి విడిచేదాకా రెంచి ముట్టడు. సరిగ్గా ఆదివారమే బోయిన్‌పల్లి నుంచి కబురొచ్చింది. అక్కడ కలప అడితి నడిపే సేటు, ఊరు విడిచిపోతున్న నవాబు ఒకాయన దగ్గర ఆ కారు కొన్నాడు. కారుతోపాటు డ్రైవరూ వచ్చాడు. అరవై దాటిన ముసల్మాను. అందరూ చాచా అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళు ఆ ఒక్క కారునే నడిపిన మనిషి. సేటు ఇంట్లో కారు షెడ్డు పక్కన చిన్న గదిలో భార్యతో ఉండేవాడు. మేస్త్రి లేడు కాబట్టి నేనే పోయాను.

కారు ఉరికేటప్పుడు వెన్నలాగా పోయేది. ఇంజను ఆపకుండా నిలబెడితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. తలుపుల అద్దాలు గడగడలాడేవి. ఎవరిదో పెళ్ళిలో వాకిట్లో నిలబెడితే, ఆ వణుకు చూసి జనం నవ్వారట. సేటుకు తల కొట్టేసినట్టయింది.

"మిషన్ల తప్పా, మనిషిల తప్పా? గది చెప్పు నాకు," అన్నాడు నాతో. "నవాబు కాడ ఇరవై ఏండ్లు సక్కగున్న బండి, నా కాడికి రాంగనే గిట్లెందుకు చేస్తది? ఈ ముసలోని దిల్ ఇంకా పాత దొర కాడనే ఉన్నది."

చాచా అక్కడే నిలబడి ఉన్నాడు. వినబడనట్టు రేడియేటర్ మూత తుడుస్తూ ఉన్నాడు.

సేటు లోపలికి పోయాక నేను స్టీరింగు ముందు కూర్చోబోయాను. "రుక్ రుక్" అంటూ చాచా అడ్డమొచ్చి, సీటు మీద గోనెసంచి పరిచాడు. "నీ లాగు జూసుకున్నవా బేటా? గిది విలాయత్ తోలు. నీ తోలు కాదు." అడితి కూలీలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గుర్తుపెట్టుకున్నాను.

ఒక్కొక్క ప్లగ్గు తీగ తీసి చూశాను. ఏది తీసినా ఇంజను ఒకేలా కుంగింది. అంటే ఎనిమిదీ పనిచేస్తున్నాయి. కార్బురేటర్ విప్పి కడిగాను. వణుకు తగ్గలేదు. చాచా మెల్లగా దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ్నో గాలి గుంజుతుంది బేటా. జోరుగ ఉరికేటప్పుడు గంత గాలి లెక్కల రాదు, నిలబడ్డప్పుడే తక్లీఫ్. సేట్ నన్ను బానెట్ ఎత్తనిస్తలేడు, ఎత్తితే ఇంకేమన్న జేస్తనంటడు. జెర నువ్వు జూడు."

"నువ్వు తోలేటోనివి, తోలు. చేసేటోన్ని నేను," అన్నాను.

చాచా నమాజుకు పోయాడు. నాకు ఏమీ తోచక, ఇంజను నడుస్తుండగానే బీడీ వెలిగించాను. పెట్రోలు దగ్గర ఆ పని చేసినందుకు మేస్త్రి చూస్తే చెంప పగిలేది. పొగ పైకి పోకుండా వంగింది. దారం లాగినట్టు వంగి, బానెట్టు వెనక మూలకు పోయి మాయమైంది. ఆ కాలపు కార్లలో అద్దం తుడిచే వైపరు ఇంజను పీల్చే గాలితోనే ఆడేది. అందుకు సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. దాని చివర చీలిక. వేలితో మూశాను. అంత పెద్ద ఇంజనూ కుదుటపడి, చంటిపిల్ల నిద్రపోతున్నట్టు ఊపిరి తీసింది. వేలు తీస్తే మళ్ళీ వణుకు. రబ్బరు ముసలిదయింది, అంతే. మనిషి తప్పు ఏమీ లేదు. చాచా చెప్పిందే నిజం.

ఇంజను ఆపేశాను. సేటు వచ్చాడు.

"ఏందీ? దొరికిందా?"

అతని మొగం చూశాను. ఆయనకు ఏ జవాబు కావాలో ఆ మొగంలో రాసి ఉంది. పెట్రోలు ట్యాంకు దగ్గరికి పోయి మూత తీశాను. వాసన చూశాను. గుడ్డ ముంచి, మొగం చిట్లించి, దాన్ని సేటు ముక్కు దగ్గర పెట్టాను.

"గ్యాస్‌నూనె గలిసింది సేట్."

అది శుభ్రమైన పెట్రోలు. సేటు రెండుసార్లు గట్టిగా పీల్చి, "అవునవును, గ్యాస్‌నూనె వాసనే," అన్నాడు. కూపన్ల మీద పెట్రోలు దొరికే రోజులవి. ట్యాంకులో పెట్రోలు తీసి అమ్ముకుని, బదులు కిరసనాయిలు పోసే డ్రైవర్ల కథలు అందరికీ తెలుసు.

చాచా నమాజు ముగించుకుని వచ్చాడు. సేటు అరుపులు విన్నాడు. అరిచేవాణ్ణి వదిలేసి నా వైపు తిరిగాడు.

"బేటా, నా మొగం జూసి ఇంకొక్కసారి చెప్పు."

చెప్పాను. మొదటిసారి కన్నా బాగా చెప్పాను. ఎన్ని దినాల నుంచి కలుపుతున్నాడో కూడా వాసన చూసి చెప్పాను.

"గంటల గది ఖాళీ చెయ్యి," అన్నాడు సేటు. "లేకుంటే పోలీసోళ్ళకు అప్పజెప్త." ఆ రోజుల్లో ఒక ముసలి ముసల్మానుకు ఆ మాట ఎంత దూరం పోతుందో చాచాకు తెలుసు, నాకూ తెలుసు. గంట పట్టలేదు. భార్య ముందు, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఆయన వెనక, గేటు దాటిపోయారు. అప్పటిదాకా నేను ట్యాంకు ఖాళీ చేస్తున్నట్టు నటించాను. వాళ్ళు కనుమరుగయ్యాక రబ్బరు గొట్టం చివర రెండు వేళ్ళ మేర కోసి పారేసి, మిగతాది బిగించాను. ఇంజను వణకలేదు. సేటు నా వీపు తట్టి, రేపటి నుంచి నువ్వే నడుపు అన్నాడు.

సేటుకు భయపడ్డానని, బీదవాణ్ణని, రోజులు అలాంటివని చాలామందికి చెప్పాను. భయం లేదు. షెడ్డులో కడుపు నిండా తినేవాణ్ణే. కూలీలు నవ్వారు, నాకు ఆ సీటు కావాలనిపించింది. ఇంకా దాచకుండా చెప్పాలంటే, ఆ గుడ్డ సేటు ముక్కు దగ్గర పెట్టినప్పుడు సరదాగా కూడా అనిపించింది.

సోమవారం మేస్త్రికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "సేటుకి మూడు లారీలున్నాయిరా. ఇక మన దగ్గరికే వస్తాయి. నోరు మూసుకుని ఉండు," అన్నాడు. మళ్ళీ ఆదివారం చర్చికి పోయాడు.

కొన్ని నెలలకు సేటును ఎక్కించుకుని మౌలాలి వైపు పోతున్నాను. రైలు గేటు పడింది. ఇంజను ఆపకుండా నిలబెట్టాను. బొగ్గు గంప దించుకుని గట్టు మీద కూర్చున్న మనిషి లేచి వచ్చాడు. బొగ్గు నలుపులో మొదట పోల్చుకోలేదు. చాచా నా మొగం చూడలేదు. బానెట్టు వైపు తల వంచి, చాలాసేపు విన్నాడు.

"వైపర్ గొట్టమే కదా?" అన్నాడు.

"ఊ."

"నౌకరీ అడుగుతలేను బేటా. ఎక్కడికి పోయినా నాకంటె ముందుగాల్నే గ్యాస్‌నూనె మాట పోతుంది. లారీ తుడిచే పని సుత ఇస్తలేరు. నా ఇంటిది సుత అడుగుతుంది, నిజంగ కలిపినవా అని. సేట్‌కు ఒక్క మాట చెప్పు. గొట్టం పగిలిందని చెప్పు. నేను ఈడనే నిలబడి వింట."

వెనక సీటుకూ నాకూ మధ్య అద్దం. సేటుకు ఏమీ వినబడలేదు. ఆయన అద్దం పక్కకు జరిపి, "ఎవడాడు? ఏందట?" అన్నాడు. బొగ్గు మసిలో ఆయన కూడా పోల్చుకోలేదు.

ఇక్కడే నేను కారు దిగి చాచా కాళ్ళు పట్టుకున్నానని మా పిల్లలకు చెప్పాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. నేను దిగలేదు.

"బిచ్చమట సేట్," అన్నాను వెనక్కి తిరిగి, చాచాకు వినబడకుండా గొంతు తగ్గించి.

సేటు జేబులో తడిమి ఒక అణా నా అరచేతిలో వేశాడు. నేను చెయ్యి బయటికి చాపాను. సేటు ఏమంటాడో వినాలని చాచా ఇంకా మా ఇద్దరినీ చూస్తూనే ఉన్నాడు. అణా ఆయన చేతిలో పడింది. దాన్ని చూశాడు. ఏం చెప్పానో అప్పుడు అర్థమైంది ఆయనకు. గేటు లేచింది, వెనక లారీవాడు హారను కొట్టాడు, నేను గేరు వేశాను.