అమ్మమ్మ బొమ్మకి ఎడమచేయి

పిల్లల పుస్తకాలకి బొమ్మలేస్తానంటే మా ఊరు కవిటిలో అందరూ డ్రాయింగ్ టీచర్ ఉద్యోగమా అని అడిగేవారు. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి చివరికి అవుననేశాను. నాలుగేళ్ళు పత్రికలకి చిన్నాచితకా బొమ్మలేశాక, హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థ మొదటిసారి నాకు పూర్తి పుస్తకం ఇచ్చింది. మనవరాలిని వెంటబెట్టుకుని సంతకెళ్ళే అమ్మమ్మ కథ. పన్నెండు బొమ్మలు. ఇది బాగా కుదిరితే ఆ వరసలో మిగతా పుస్తకాలూ నాకే ఇస్తామన్నారు. కుదరకపోతే మళ్ళీ చిన్నాచితకా బొమ్మలే.

అమ్మమ్మని మా అమ్మని చూసే గీశాను. అమ్మకి కిడ్నీలు పాడై ఐదేళ్ళు. వారానికి మూడు రోజులు నాన్న ఆమెని డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తాడు. మిగతా రోజుల్లో పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. సంచీ పట్టుకోమంటే పట్టుకునేది, నవ్వమంటే మాత్రం సిగ్గుపడేది.

బొమ్మలు పంపిన వారానికి ఎడిటరుగారు ఫోన్ చేశారు. చాలా బాగున్నాయన్నారు. ఒక్క అనుమానం, ప్రతి పేజీలోనూ అమ్మమ్మ ఎడమచేతి మీద తాడులా ఉబ్బెత్తుగా ఉన్నది ఏమిటని అడిగారు. నాకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"ఫిస్టులా అండీ. డయాలసిస్ సూది గుచ్చే చోటు. పెద్దవాళ్ళకి ఉంటుంది కదా," అన్నాను.

"పెద్దవాళ్ళందరికీనా?" అన్నారావిడ. అప్పటికి వెలిగింది నాకు. మా వైపు ఇంటికొకరికి కిడ్నీల జబ్బే. అమ్మకి, పక్కింటి పెద్దమ్మకి, మా మేనమామకి ఆ ఉబ్బు చూసీ చూసీ, నెరిసిన జుట్టు వేసినట్టే దాన్నీ వేసేశాను. లోకంలో ముసలివాళ్ళందరి చేతులూ అలా ఉండవన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆవిడ మెత్తగానే చెప్పారు. కథలో జబ్బు లేదు, చదివే పిల్లలు అక్కడే ఆగిపోతారు, తీసేస్తే బాగుంటుందని. సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. నాకసలే ముక్కు మీద కోపం. మా ఊళ్ళ చేతులు పుస్తకానికి పనికిరావా అని ఒళ్ళు మండిపోయింది. తీసేది లేదు, పుస్తకం పోతే పోనీ అని అమ్మ దగ్గరకెళ్ళి గట్టిగా చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

అమ్మ నా ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలు ఒక్కొక్కటే చూసింది.

"తీసీవే గుంటా," అంది. "పుస్తకంలోనయినా నా సెయ్యి బాగుండనీ."

ఐదేళ్ళుగా ఆ చేతిని చూస్తున్నాను, పన్నెండుసార్లు గీశాను, దాన్ని చూసుకుంటే ఆమెకి ఎలా ఉంటుందో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి బొమ్మలో ఉబ్బు చెరిపేసి చూపించాను. చాలాసేపు చూసింది. ఫిస్టులా కోసం ఆపరేషన్ చేసిన రోజునుంచీ ఆ చేతికి ఏమీ వేసుకోవద్దన్నారు డాక్టర్లు.

"ఒట్టి సెయ్యి ఒగ్గీకు," అంది. "గాజులెయ్యి."

ఎన్ని వెయ్యమంటావని అడిగాను. అమ్మ కుడిచేతి వేలు ఎడమ మణికట్టు మీద పెట్టి, ఉబ్బు మీదుగా మెల్లగా జరుపుకుంటూ మోచేతి దాకా చూపించింది.