టాక్సీకి తీర్థమిచ్చి అమ్రాబాదు చేరిన వైనం

అమ్రాబాదులో ఏడు రోజుల అఖండ భజన. చివరిరోజు పొద్దుగూకే వేళకు మా దేవరకొండ మండలి పాట అందుకోవాలి. మేము చేరేలోపు అక్కడివారి గొంతులు ఆగిపోతే నామం తెగిపోతుంది, ఏడు రోజుల పుణ్యం మట్టిపాలవుతుంది. మండలిలో తక్కినవారంతా జ్వరాలతో పడకేశారు. మిగిలింది నేనూ, తాళాలు వాయించే ఆండాళమ్మా.

తంబురా తీగ మారుస్తూ పొద్దుటి బస్సు అందుకోలేకపోయాం. యాకూబు టాక్సీ మాట్లాడుకుని పదకొండింటికి బయలుదేరాం. పంపు దగ్గర పిడి తిప్పుతూ పెట్రోలు పోసినాయన, ఈ మధ్య స్పిరిటు కలిపిన పెట్రోలే వస్తున్నదన్నాడు. స్పిరిటంటే ఏమిటని ఆండాళమ్మ అడిగింది.

"సారాకు పెద్దన్న, అమ్మా."

తాగినవాడు తోలే బండి ఎక్కరాదని మా మండలి నియమం. తాగిన బండి సంగతి నియమాల్లో లేదు. నేను యాకూబు వైపు చూశాను.

"నేను ముట్ట స్వామీ. ముట్టేది కారు," అన్నాడతను.

వేరే బండి లేదు. ఆండాళమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒంటిగంటకు డిండి చేరాం. అక్కడ టీ బాగుంటుంది. యాకూబు టీ తాగుతుండగా నేను తులసి తీర్థం చెంబు తీసి, కేశవ నామాలు చదువుతూ ట్యాంకులో పోశాను. ఉద్ధరిణెడు చాలేది. దోషం పెద్దది కదా అని చెంబంతా వంచాను. ఆండాళమ్మ కొంగు దించింది.

నాలుగు మైళ్లు పోయాక కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. యాకూబు ఇంజను మూత ఎత్తి ప్రతి తీగా లాగి చూశాడు. మేము తుమ్మచెట్టు కింద సజ్జరొట్టె, మామిడి తొక్కు తిన్నాం. మూడున్నర అయింది. నేను ఖాళీ చెంబును సంచిలోకి తోశాను. చివరికి ఆండాళమ్మే, స్వామి కారుకు తీర్థమిచ్చిండని గర్వంగా చెప్పింది.

యాకూబు రోడ్డుమీదే కూలబడ్డాడు. "ఎంత?"

"చెంబెడు."

"నా కారుకు తానమే జేయించినవ్ స్వామీ."

కారు కింద దూరి ట్యాంకు అడుగు బిరడా వదులుచేశాడు. కారినదాన్ని డబ్బాలో పట్టాడు. మేకలు తోలుకుపోతున్న గొల్లాయన ఆగి ఏమిటని అడిగాడు. నీళ్లని చెబితే వంగి వాసన చూశాడు.

"నీళ్లంటరేందే? గుప్పున సారా వాసనొస్తాంది."

నీళ్లు తగిలితే స్పిరిటు పెట్రోలును విడిచి వాటితోపాటు అడుగుకు దిగుతుందని యాకూబు చెప్పాడు. నేను చేతులు జోడించాను. అంటే తీర్థం లోపలికి పోయి, సారాను చెయ్యిపట్టి బయటికి తీసుకొచ్చిందన్నమాట.

"శుద్ధి అయింది గద యాకూబూ?"

"అయింది. పొద్దు గూడ అయిపోతాంది. ఎక్కు."

మన్ననూరు దగ్గర ఘాటు రోడ్డు మొదలవుతుంది. అటు వెళ్లేవారు మంచినీళ్లు వెంట పెట్టుకోవాలి, తాగడానికి మాత్రమే. యాకూబు నా ఖాళీ చెంబును కూడా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. దీపాలు పెట్టేవేళ అమ్రాబాదు చేరేసరికి పందిట్లో ఒక్క ముసలాయన గొంతే మిగిలింది, అదీ గాలిలా. ఆండాళమ్మ కారు దిగకుండానే పాట అందుకుంది. నామం తెగలేదు.

మర్నాడు తొమ్మిదింటి బస్సులో తిరుగు ప్రయాణం. టికెట్లు తీసుకుంటుంటే ఆండాళమ్మ ముందుకు వంగింది.

"గీ బస్సు ఏం తాగుతది బిడ్డా?"

కండక్టరు నోరు తెరిచేలోపు నేను గట్టిగా గోవిందా అన్నాను. బస్సంతా గోవిందా అంది. దేవరకొండ దాకా ఆ నామం ఆపనివ్వలేదు.