పైపొరలో చేరిన కొత్త శిల

కదిరిలో బస్సెక్కేసరికి పరిశోధన మానేద్దామని నిశ్చయించుకున్నాను. నా సంచి చూసి, పక్క సీట్లోని రైతు అవ్వ అడిగింది:

"ఏమప్పా, ఇన్ని రాళ్లు యాడికి మోస్కపోతాండావు?"

"పరీక్షకు, అవ్వా. భూమిలో కరిగిన శిల చల్లారి ఇట్లా పొరలు కట్టింది. శిల పుట్టుక చెప్పే ఐసోటోపులు అన్ని పొరల్లో ఒకేలా ఉండాల. పైపొరలో తేడా వస్తాండాది. నాదే తప్పేమో."

ఆమె సంచిలోంచి ఒక రాయి తీసి తిప్పి చూసింది.

"మా బాయి నీళ్లు ఉప్పన. వాన పడినాక పైన తియ్యగుంటాయి. నీ రాయిలో గూడా మధ్యలో కొత్తది చేరిందేమో సూడప్పా."

నల్లమాడలో దిగిపోయింది.

వారం తిరక్కుండా ఆ పొరలు కలిసేచోట మళ్లీ రాళ్లు తీశాను. కరిగిన కొత్త శిల తర్వాత వచ్చి పాతదానితో కలిసిన గుర్తు దొరికింది.

ఇప్పుడు లెక్క కుదరలేదని నా విద్యార్థులు దిగులుపడితే, తప్పు వెతికే ముందు, మధ్యలో ఏం చేరిందో చూడమంటాను.